పెరట్లో పింగాణీ

చనిపోయే ముందురోజు పొద్దున నా భార్య ఫుసాకో పగిలిన సాసరు ముక్కల్ని కడిగి, ఆరబెట్టి, కాగితంలో చుట్టి పెరట్లోకి తీసుకెళ్ళింది. చెత్తడబ్బా అటే ఉంది కాబట్టి నేనేమీ అడగలేదు. క్యోటోలో కొత్త భవనాలకు పునాది తీసేముందు పాతకాలపు ఆనవాళ్ళ కోసం జరిగే తవ్వకాల్లో, మా పెళ్ళికి ముందునుంచీ ఆమె పనిచేసింది. మోకాళ్ళ కింద గోనెపట్టా వేసుకుని చిన్న తాపీతో మట్టి గీకేది. ఎప్పుడో ఊరు తగలబడిన నాటి ఎర్రమట్టి తగిలితే నలిపి వాసన చూసేది. దాని కింద ఇంకో ఊరు, ఆ కింద మరొకటి. సాయంత్రం కుండపెంకుల్ని టూత్‌బ్రష్షుతో తోమి, ఒక్కోదాని వెనక సన్నని కుంచెతో అది దొరికిన చోటూ తేదీ రాసేది.

"వెయ్యేళ్ళనాటి వంటింటి చెత్తకి స్నానం కూడానా?" అనేవాణ్ణి.

"రాజులు గొప్పలు రాయించుకుంటారండీ. చెత్త అబద్ధం చెప్పదు. ఈ గిన్నె ఎవరు పగలగొట్టారో, ఎన్ని తిట్లు తిన్నారో కూడా రాసుంటే ఎంత బాగుండేది!" అనేది.

నేను తల దించుకునేవాణ్ణి. పెళ్ళైన కొత్తలో వాళ్ళమ్మ ఇచ్చిన టీకప్పును కోపంలో గోడకేసి కొట్టాను. క్షమించమనడానికి నోరు రాక, అలాంటిదే తెచ్చి గుట్టుగా అలమరలో పెట్టాను. నలభై ఏళ్ళు ఆమె అందులోనే తాగింది. కనిపెట్టలేదనుకున్నాను.

మొన్న నీళ్ళ గొట్టం కోసం పెరడు తవ్విస్తే, పొరలు పొరలుగా మా పింగాణీ బయటపడింది. ప్రతి ముక్క వెనకా ఆమె చేతిరాత. అట్టడుగున నీలిపూల టీకప్పు: "మా ఆయన పగలగొట్టారు. మర్నాడు ఊరంతా తిరిగి ఇలాంటిదే తెచ్చారు. రంగు కొంచెం తేడా."