ఒక మనిషికి నిద్ర పట్టకపోతే

"ఒక మనిషికి ఇలా ఉంటే ఏమంటారండీ?" అని ఎవరైనా అడిగితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ ఒక మనిషి ఎవరో చెప్పరు. ఊరికే తెలుసుకుందామనట! నేనూ అలా అడిగినవాణ్ణే, అందుకే మంట.

ఎనభైల్లో, పత్తిమీద తెల్లదోమ పడిన ఏడాది. కాయ విచ్చకముందే పైరు నల్లబడిపోయింది. మా అన్నయ్యకు ముందు నిద్ర పోయింది. తర్వాత తిండి, ఆ తర్వాత మాట. పక్క చేలో వాళ్ళని గట్టుమీదనుంచే కేకేసి పలకరించే మనిషి, పొద్దస్తమానం అదే గట్టుమీద కూర్చుని ఎండుకాయ ఒకటి చేతిలో తిప్పుతుండేవాడు. ఎంత పిలిచినా "ఆఁ" అనడమే.

నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. మిగతా చదువంతా లైబ్రరీ బల్ల దగ్గరే. ఆ పొగరు నాకుండేది. ఒక వారపత్రికలో మనసు జబ్బుల మీద ప్రశ్నలకు డాక్టరుగారొకరు జవాబులు రాసేవారు. కార్డు రాశాను: 'నిద్ర పట్టకపోవడం మానసిక వ్యాధి అవుతుందా? కారణాలేమిటి?' అంతే. అన్నయ్య వయసు రాయలేదు, తిండి మానాడనీ రాయలేదు. మా ఇంటికి పిచ్చి ముద్ర పడుతుందని భయం.

కొన్ని వారాలకు జవాబు అచ్చయింది. వదినకు చదువు రాదు, నేనే చదివి వినిపించాను. దిగులుతో నిద్ర తగ్గడం చాలామందికి ఉండేదేనట, కాఫీ టీలు తగ్గించాలట, సాయంత్రం కాస్త నడవాలట.

"అయితే భయం లేదంటావా?" అంది వదిన.

"డాక్టరే రాశాడుగా వదినా!"

కింద ఇంకో వాక్యముంది. ఇది అందరికీ కలిపి చెప్పిన మాటేననీ, ఇంట్లో ఫలానా మనిషికే బాధ ఉంటే కాగితాన్ని నమ్ముకోక డాక్టరుకు చూపించమనీ. అది నేను చదవలేదు. చదువుకున్నవాళ్ళు ప్రతిదానికీ అలాంటి తోకొకటి తగిలిస్తారులే అనుకున్నాను.

వదిన టీ మాన్పించింది. సాయంత్రం కాలవ దాకా నడిపించింది. ఆయన తాడు కట్టిన గొడ్డులా వెళ్ళొచ్చేవాడు. నెల తిరిగేసరికి మెడ ఎముకలు బయటపడ్డాయి.

ఆ రోజుల్లోనే మిరపకు ముడత వచ్చింది. పురుగుమందుల కొట్టుకు వెళ్ళేవాడెవడైనా తెగులు పట్టిన రెమ్మ తుంచుకుని జేబులో పెట్టుకెళ్తాడు. నేను చేతులూపుకుంటూ వెళ్ళాను.

"మిరపకి ముడతొస్తే ఏం కొట్టాలి?"

"రెమ్మేదయ్యా?" అన్నాడు కొట్టాయన.

"ముడతని చెప్తున్నాగా."

"ఆకు పైకి ముడుచుకుందా, కిందికా?"

నేను వంగి చూసిందే లేదు.

"పై ముడతకో మందు, కింది ముడతకో మందు. చూపించకుండా చెప్పమంటే నేనేమన్నా సోది చెప్పేవాడినా? మీసాలొచ్చినై, బుద్ధి రాలా! పో, పోయి తుంచుకురా."

కొట్లో అందరూ నవ్వారు. తిట్టుకుంటూ ఇంటిదారి పట్టాను. సగం దూరం వచ్చాక కాళ్ళు ఆగిపోయాయి. మిరప మొక్కకు ఈపాటి మర్యాద ఉంది. మా అన్నయ్యకు లేకపోయింది.

ఇంటికొచ్చి పత్రిక వెతికి తీసి, ఆ చివరి వాక్యం వదినకు చదివాను.

"ఇదెప్పుడు రాశాడు?"

"అప్పుడే వదినా."

చేతిలో చేట విసిరికొట్టింది. "నాకు చదువు రాదనేగా మింగావు! నీ చదువు కాలవలో కలవ!"

మర్నాడు మొదటి బస్సుకే ముగ్గురం గుంటూరు వెళ్ళాం. పెద్దాసుపత్రిలో డాక్టరు ముందు నేనే గొంతు సవరించుకున్నాను: "నిద్రలేమికి సాధారణంగా కారణాలేమిటంటేనండీ..."

"జబ్బు మీకా?"

"మా అన్నయ్యకండీ."

"అయితే ఆయన చెప్తారు. మీరు బయట కూర్చోండి."

వదిన లోపలే ఉండిపోయింది. నేను వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాను. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కూర్చోవాలనిపించేది. వదిన గొంతే వినిపిస్తోంది, అన్నయ్య ఉలకడు పలకడు. ఇక లాభం లేదనుకున్నాను.

అంతలో లోపల్నుంచి, బొంగురుగా, ఆగి ఆగి:

"వాడికేం తెలుసండీ... నన్నెప్పుడు అడిగాడు గనక."

మూడు నెలల తర్వాత విన్న మాట. నన్నే తిట్టాడు, తిట్టనీ. తలుపు దగ్గరకు జరిగి, ఇంకా ఏమంటాడోనని ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.