పాపయ్య ఎడమచేతి నరం

మార్కాపురంలోని ఓ ప్రైవేటు డయాలసిస్ సెంటరులో శివపార్వతి పన్నెండేళ్లుగా నర్సు. మొగుడు వేరే సంసారం పెట్టుకుని వెళ్లిపోయాడు. పిల్లాజెల్లా లేరు. పలకల ఫ్యాక్టరీ వెనక ఒంటిగదిలో అద్దెకుంటోంది. ఆమెకున్న పేరల్లా ఒక్కటే, నరం దొరకబుచ్చుకోవడం. వేళ్లు ఆనించి, కళ్లు సగం మూసి సూది దించేది. ఎవరికి నరం చిక్కకపోయినా పార్వతమ్మను పిలవమనేవాళ్లు. ఆ పిలుపులతోనే ఆమెకు రోజు గడిచేది.

కురిచేడు దగ్గరి పల్లె నుంచి వారానికి మూడుసార్లు వచ్చే పాపయ్య అనే రైతయితే, ఆమెకు తప్ప ఇంకెవరికీ చేయి చాపేవాడు కాదు. ఆయన ఎడమచేతి నరం లోతుగా, మెలికలు తిరిగి ఉండేది. ఆమె పది నిమిషాలు తడుముతుంటే ఆయన కంది చేను గురించీ, ఈనిన బర్రె గురించీ చెప్పేవాడు. పొద్దున ఏం వండుకున్నావని అడిగేవాడు. ఆ మాట ఆమెను అడిగే మనిషి ఊళ్లో ఇంకొకరు లేరు.

పోయిన ఏడాది డాక్టరు ప్రవీణ్ కుమార్ కొత్త మిషన్ తెప్పించాడు. గుప్పిట్లో ఇమిడే స్కానింగ్ పరికరం, చక్రాల బండి మీద దానికో చిన్న తెర. చేతిలోని సూది ఎటు కదులుతోందో కూడా అది కనిపెడుతుంది. చర్మాన్ని తాకకముందే, సూది ఈ దారిన పోతే ఎక్కడ తేలుతుందో తెరమీద గీత గీసి చూపిస్తుంది. నిన్నగాక మొన్న చేరిన సింధు కూడా రెండోరోజుకే ఒక్క పోటుతో నరం పట్టేసింది.

శివపార్వతి నెలరోజులు దాని జోలికి పోలేదు. ఆ నెలలో పాపయ్య తప్ప ఆమెను అడిగినవాళ్లు లేరు. ఒకరోజు ఆయనకు మూడుసార్లు గుచ్చినా రక్తం రాలేదు. చేయి ఉబ్బింది. డాక్టరు మిషన్ బండిని తోసుకొచ్చి పరికరం ఆమె చేతికిచ్చాడు. తెరమీద నరం నల్లగా, గుండ్రంగా కనిపించింది. ఆమె ఇన్నాళ్లూ నమ్మిన చోటుకు అర అంగుళం పక్కనుంది. పాత మచ్చల్లో సగం దానికి ఇవతలే పడ్డాయి. గీతను నరం నడిమికి తెచ్చి సూది దించింది. వెంటనే రక్తం గొట్టంలోకి ఎక్కింది.

ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఇన్నేండ్లూ నిన్ను ఊరికే పొడిచినానా పెదనాయనా?"

"ఒక పోటు ఎక్కువ పడుతుందని నాకు తెలుసులేమ్మా. ఆ కాసేపన్నా పక్కన కూచుంటావు కదా. ఇంట్లో నాతో కూచునేదెవరు?" అన్నాడు పాపయ్య.

అప్పటినుంచి ఆమె కూడా సూదులన్నీ మిషన్‌తోనే వేయసాగింది. అందరికీ నొప్పి తగ్గింది, అందులో తిరుగు లేదు. కానీ పాపయ్య దగ్గర పని నిమిషంలో తెమిలిపోయేది. ఒకటి రెండుసార్లు ఊరికే కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతిలో పని లేకపోయేసరికి ఇద్దరికీ మాట తోచలేదు. పక్క మంచం వాళ్లు పిలిస్తే లేచి వెళ్లిపోయింది.

కార్తీకంలో ఓ సోమవారం ఆయన రాలేదు. బుధవారమూ రాకపోతే ఫోన్ చేసింది. కోడలు ఎత్తి, ఆదివారం పొద్దున గుండె ఆగి పోయినాడని చెప్పింది. మర్నాడు శివపార్వతి సెలవు పెట్టి రైలెక్కి, కురిచేడులో దిగి, ఆటోలో ఆ ఊరు చేరింది. వసారాలో ఫోటోకు దండ వేసి ఉంది. వచ్చిన ఆడవాళ్లు తమలో తాము మాట్లాడుకుంటున్నారు. ఆమె గుంజకు ఆనుకుని కూర్చుంది. కోడలు మంచినీళ్లు తెచ్చి, మీరు మా మామకు ఏమవుతారని అడిగింది.

"మార్కాపురంలో సూదులు వేసేదాన్ని."

"అట్లనా. మా మామ ఎప్పుడూ చెప్పలేదే" అంది ఆ పిల్ల, మర్యాదగానే.

శివపార్వతి నీళ్లు తాగి, చెంబు అక్కడ పెట్టి, మధ్యాహ్నం బండికే తిరిగొచ్చింది.

శుక్రవారం ఆ మంచం మీద తర్లుపాడు నుంచి వచ్చిన కొత్తమనిషి పడుకుని ఉన్నాడు. ఆమె ఒక్క పోటుతో సూది దించింది. నొప్పే తెలియలేదని ఆయన ఆశ్చర్యపోయాడు. మంచిదయ్యా అని మిషన్ బండిని పక్క మంచం దగ్గరికి తోసుకుపోయింది.