నల్లగడులకు పాఠం చెప్పిన మేడమ్

మేడమ్ పోయారన్న కబురు నాకు ఓ ఆన్‌లైన్ క్లాసు మధ్యలో తెలిసింది. ఫ్యాక్టరీ చట్టాల మీద ఏటా మేమంతా తప్పనిసరిగా వినాల్సిన క్లాసు అది. వినాల్సిన క్లాసు అన్నాను గానీ ఎవరూ వినరు. తెర మీద ఓ బొమ్మ తనపాటికి తాను మాట్లాడుకుంటోంది. పక్కన చాట్‌లో ఎవరో రాశారు: "మన పాత సేఫ్టీ మేడమ్ పొద్దున్న కోరాపుట్‌లో పోయారు. గుండెపోటు." దాని కింద వరసగా దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు. ఆ చేతుల మధ్యలోనే ఇంకొకరు పరీక్ష జవాబులు పెట్టారు: మూడోది సి, నాలుగోది ఎ. వాటి కింద మళ్లీ దణ్ణాలు. అవి మేడమ్‌కో, జవాబులు పెట్టిన మహానుభావుడికో నాకు తెలియలేదు. లేచి బయటికొచ్చేశాను. సగం క్లాసు కూడా వినని నాకు సాయంత్రానికల్లా "విజయవంతంగా పూర్తి చేశారు" అని సర్టిఫికెట్ వచ్చింది.

మాది రాయగడ జిల్లాలో ఓ చిన్న రసాయనాల ఫ్యాక్టరీ. నేను ల్యాబ్‌లో పనిచేస్తాను. కాస్టిక్ సోడా మీద పడితే ఏం చేయాలి, ఏ పనికి ఏ ముసుగు కట్టుకోవాలి, చట్టం ఏమంటుంది – ఇవన్నీ నేర్పడానికి మేడమ్ వచ్చేవారు. వాళ్లది తరాల కిందట విజయనగరం వైపు నుంచి కోరాపుట్ వచ్చి స్థిరపడ్డ కుటుంబం. తాతలు సంస్థానం కచేరీలో పనిచేశారట. పై ఆఫీసర్లతో ఇంగ్లీషు, కొండ కూలీలతో వాళ్ల భాష దేశియా, తెలుగు వచ్చిన మా అందరితో ఇంట్లో మాట్లాడుకునే తెలుగు. క్లాసులో ఎవరైనా ఆవలిస్తే పాఠం ఆపేసి, రాత్రి డ్యూటీ చేసి వచ్చావా అని అడిగేవారు. అవునంటే వెనక బెంచీ మీద పడుకోమని, మర్నాడు మళ్లీ రమ్మనేవారు. కాదంటే మాత్రం ఆ మనిషి పని అయిపోయినట్టే. "నిబంధనలంటే ఏటనుకున్నావు? ఎవుడో ఒకడు కాలిపోయాక రాసిన ముక్కలవి" అనేవారు.

తర్వాత క్లాసులన్నీ ఆన్‌లైన్ అయ్యాయి. కంప్యూటర్ సంగతులు చూడమని నన్ను మేడమ్ పక్కన కూర్చోబెట్టారు. మొదటి రోజు తెర నిండా కెమెరాలు ఆపేసిన నల్లటి గడులు, ఒక్కో గడిలో ఒక్కో పేరు. ఎవరింట్లోనో కుక్కర్ కూత. ఎవరో మైకు ఆపడం మరిచిపోయి కోడి ధర బేరమాడుతున్నాడు. చివర్లో మాత్రం అందరి పేర్ల పక్కనా నూటికి నూరు మార్కులు. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేశారు. ముఖంలో కోపం కాదు, రోత.

"శవజాగారానికైనా మనుషులు మేలుకుని కూకుంటారే అమ్మీ. ఇక్కడ అదీ నేదు."

ఆ వారం మా హెచ్‌ఆర్ మేనేజర్ ఓ సలహా ఇచ్చాడు. మధ్యమధ్యలో నవ్వించే బొమ్మలు పెట్టాలట, క్విజ్ గెలిచినవాళ్లకి కప్పులు ఇవ్వాలట. జనం మెలకువగా ఉంటారట. మేడమ్ అంతా విని, "పసిపిల్లలకి గోరుముద్దలా? వాళ్లు సోడాతో పనిచేస్తన్నారు బాబూ" అని లేచిపోయారు.

తర్వాతి క్లాసులో ఆవిడ స్లైడ్లు పెట్టనేలేదు. "ఈ వారం పనిలో మీకు ఎక్కడ భయమేసిందో సెప్పండి. ఎవులూ మాటాడకపోతే నేనూ మాటాడను" అని చేతులు కట్టుకుని కూర్చున్నారు. మైకులు పనిచేయడం లేదేమోనని రెండుసార్లు చూశాను. మేడమ్ కదల్లేదు.

చివరికి ఒక గొంతు వినిపించింది. రాయగడ నుంచి వచ్చే పంపు ఆపరేటర్ అతను. ఆ పూట డ్యూటీలోనే ఉండి ఫోన్లో క్లాసు వింటున్నాడు.

"మేడమ్, ఏటీ అనుకోకపోతే ఒక మాట. సోడా పంపు కాడ కళ్లు కడుక్కునే కుళాయి ఉంది కదా. దాన్లో నీరు రాదు."

"ఎన్నాళ్ల బట్టి?"

"నేను సేరినకాడినుంచీ."

"ఫోను పట్టుకుని అక్కడికెళ్లు. మాకు సూపించు."

అతను నడుస్తుంటే తెర మీద నేల ఊగింది. కుళాయి కనిపించింది. పక్కన కొత్తగా రంగు వేసిన బోర్డు. అతను పిడి తిప్పాడు. లోపల ఏదో గురగురలాడి, ఎర్రటి తుప్పునీళ్లు నాలుగు చుక్కలు కారి ఆగిపోయాయి.

అప్పుడు జరిగింది నేను మరిచిపోలేను. నల్లగడులు ఒక్కొక్కటీ తెరుచుకోవడం మొదలైంది. బనీన్లతో ఉన్నవాళ్లు, ఒళ్లో పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు, అన్నం కంచం ముందు కూర్చున్నవాళ్లు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. మా నిచ్చెన విరిగింది, మా చేతితొడుగులు చిరిగాయి, మా దగ్గర గాలి ఆడదు. క్లాసు టైము దాటిపోయినా ఒక్కరూ వెళ్లలేదు.

మర్నాడు హెచ్‌ఆర్ మేనేజర్ మా గదికి వచ్చాడు.

"మేడమ్, మీరు చేయాల్సింది ట్రైనింగ్, తనిఖీ కాదు. నిన్నటి క్లాసు రికార్డింగ్ తీసేయండి. ఆడిట్ వాళ్ల కంట పడితే ఎవరికి నష్టం?"

"కంట పడాలనే కదా బాబూ కెమెరా. తియ్యను."

"మీ కాంట్రాక్టు సంగతి కూడా ఆలోచించుకోండి."

"ఆలోసించేను. తియ్యను."

కుళాయికి రెండు రోజుల్లో నీళ్లొచ్చాయి. నెల తిరక్కుండా మేడమ్ కాంట్రాక్టు పోయింది. ఆవిడ స్థానంలో ఎక్కడో తయారైన వీడియో పెట్టారు. దాన్లో హెల్మెట్ పెట్టుకున్న బొమ్మ ఒకటి ప్రతి జవాబుకీ చప్పట్లు కొడుతుంది. తప్పు చెప్పినా కొడుతుంది, "మళ్లీ ప్రయత్నించండి" అంటూ.

ఆ వర్షాకాలంలో పంపు జాయింటు వదులై, అక్కడ ఊడుస్తున్న మనిషి ముఖం మీద సోడా చిమ్మింది. ఆమెది లక్ష్మీపూర్ దగ్గర పల్లె. ఆ ఆపరేటరే పరిగెత్తి, ఆమెను కుళాయి కిందికి లాగి, ఆసుపత్రి బండి వచ్చేదాకా తల వంచి పట్టుకున్నాడట. చెంప కాలింది. కళ్లు దక్కాయి.

వీడియోలో కొత్తగా ఓ స్లైడ్ చేరింది. కుళాయి ఫోటో, కింద "మా అప్రమత్తతే మీ భద్రత" అని పెద్ద అక్షరాలు. ఫోటోలో కుళాయి పక్కన హెచ్‌ఆర్ మేనేజర్ నవ్వుతూ నిలబడ్డాడు. ఫోన్లో ఈ సంగతి చెబితే మేడమ్ పెద్దగా నవ్వారు. కాసేపటికి, "ఛీ" అన్నారు. ఆ ఒక్క అక్షరం ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆ వీడియో నడిచినప్పుడల్లా నాకూ అదే మాట నోటిదాకా వస్తుంది.

చూపు దక్కిన ఆ మనిషిని చూడాలని మేడమ్ లక్ష్మీపూర్ వచ్చారు. నన్నూ రమ్మన్నారు. నేను ఆవిడను చూడడం అదే ఆఖరు. ఆ రోజు సంత. చెంప మీద మచ్చతో ఆమె పసుపు కొమ్ములు అమ్ముకుంటోంది. మేడమ్ ఎవరో తెలిసి చుట్టుపక్కల ఆడవాళ్లంతా మూగారు. సగంమంది మొగుళ్లు ఏదో ఒక ఫ్యాక్టరీలో కూలీలే. ఇంట్లో కుళాయి లేనివాళ్లం, మా కంట్లో ఏదైనా పడితే ఎలాగని అడిగారు. మేడమ్ చీర కొంగు దోపి, కుండలమ్మే ఆవిడ దగ్గర కుండ ఒకటి తీసుకుని నిండా నీళ్లు పోయించారు. చేసి చూపిస్తాను, ఎవరు ముందొస్తారంటే ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ నవ్వుతున్నారు. ఓ కొత్త పెళ్లికూతురు ముందుకొచ్చి తల వాల్చింది. మేడమ్ ఎడం చేత్తో ఆమె రెప్పలు విప్పి పట్టుకుని, సన్నటి ధారగా నీళ్లు వంచుతున్నారు. ఎర్రమట్టి మీద నీళ్లు పాయలు కడుతున్నాయి. అందరూ ఊపిరి బిగబట్టి వంగి చూస్తున్నారు. హుషారులో దేశియా మరిచిపోయి మేడమ్ తెలుగులోనే అరుస్తున్నారు:

"కళ్లు మూయకే అమ్మీ! కళ్లు మూయకు!"