గొలుసు పట్టుకుని ఎక్కిన గుడి

పోయిన నెల జపాన్‌లో, నిట్టనిలువు కొండచరియలో కట్టిన ఒక పాత గుడికి వెళ్ళాను. అక్కడ ఒంటరిగా ఎక్కనివ్వరు, జత ఉండాలి. నన్ను వెనక్కి పంపబోతుంటే, అప్పుడే దిగివచ్చిన ఒక పెద్దావిడ నాకోసం మళ్ళీ ఎక్కింది. పైన మేమిద్దరం తీసుకున్న ఫోటోను నిన్న వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను.

ఈ రోజు నేనుండే స్కార్‌బరోలో ఆరాధన అయ్యాక, మా చర్చిలో సండే స్కూల్ బాధ్యత చూసే ఆంటీ నన్ను పక్కకి పిలిచారు. ఈ మధ్య మన దేశం నుంచి చదువులకి వచ్చిన పిల్లలతో హాలు నిండిపోయి, సగం మంది నిలబడే భోజనం చేస్తున్నారు.

"ఆ గుడి ఫోటో తీసెయ్యమ్మా. కొత్తగా వచ్చిన ఈ స్టూడెంట్సంతా చూస్తున్నారు. అక్కడ దణ్ణం పెట్టావా ఏంటి?"

"గొలుసు పట్టుకుని ఎక్కాలి ఆంటీ. రెండు చేతులూ ఖాళీ లేవు."

ఆవిడ నవ్వలేదు. "తీసెయ్యకపోతే నువ్వు సండే స్కూల్లో చెప్పే క్లాసు ఇంకొకరికి ఇవ్వాల్సొస్తుంది. ఆలోచించుకో."

బస్సులో ఇంటిదాకా ఆలోచించాను. నిజానికి పైకి చేరాక చేతులు ఖాళీ అయ్యాయి. కళ్ళు మూసుకుని, పడిపోకుండా కాపాడినందుకు నా యేసయ్యకే కృతజ్ఞతలు చెప్పుకున్నాను. ఆ చోట అలా చెప్పుకోవడం తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తెలియదు. నాకోసం రెండోసారి కొండ ఎక్కిన మనిషిని దాచెయ్యడం తప్పని మాత్రం తెలుసు.

అందుకే ఫోటో తీసెయ్యలేదు, ఈ పోస్టుతో ఇక్కడ కూడా పెడుతున్నాను. వచ్చే ఆదివారం ఎప్పటిలాగే పది నిమిషాల ముందే నా క్లాసుకి వెళ్తాను. తలుపు దగ్గర ఆపితే, ఈసారి నాకు జతగా ఎవరొస్తారో చెప్పండి.