మూడర్రలల్ల ఒక్కటే గొంతు

మా మరిది సిద్దిపేటల కంప్యూటర్లు రిపేర్ చేసే దుకాణంల పనిచేస్తుండె. తెలంగాణ కొట్లాట జోరు మీదున్న దినాలవి. దుకాణం తెరిచిన దినాల కంటె షట్టర్ దించిన దినాలే ఎక్కువ. బందయితే మనిషి ఇంట్ల ఉండేది గని, చేతులు మాత్రం ఊకుండకపోయేటియి. గట్ల ఊకుండకనే, మా ముందటర్రల ఉన్న కంప్యూటర్‌కు తీగలు గుంజి ఇల్లంత పాటలు పెడ్త అన్నడు.

"ఇల్లంత ఎందుకు? ఒక్క జాగల పెట్టు, చెవులున్నోళ్లు ఇంటరు" అన్న నేను.

"వదినా, నువ్వేమో వంటింట్ల ఉంటివి. బాపు ఎనుకర్రల మంచం మీద. ఆపా మీదర్రల మిషిన్ కుట్టవట్టె. ముగ్గురికి ఒక్కటేసారి ఒక్కటే పాట మోగాలె. గదీ మజా!"

బాపంటె మా మామ. చంద్లాపూర్ల ఎవుసం చేసినాయన. షుగర్‌తోని రెండు కండ్లు పోయినయి, ఆ మీద తుంటి బొక్క ఇరిగి మంచం పట్టిండు. ఆపా అంటె మా మీదర్రలల్ల కిరాయికుండే ఆమె. బట్టలు కుడుతది, నాకంటె పదేండ్లు పెద్దది.

దుకాణంల పారేసిన పాత స్పీకర్ డబ్బాలు తెచ్చి, వంటింట్ల ఒకటి, మామ తలాపున ఒకటి, మీద ఆపా కాడ ఒకటి పెట్టిండు. మొదటిసారి పాట చాలు చేసినప్పుడు నాకు చెప్పలే. స్టీలు డబ్బాల సందుల కెల్లి ఒక్కసారే డప్పు దన్నుమన్నది. పప్పు గిన్నె చేతుల కెల్లి జారి పొయ్యి మీద పడ్డది. ఎనుకర్రల మామ, "ఊరేగింపు ఇంట్లకే వచ్చిందిరో, తలుపు తియ్యుండ్రి!" అని ఒర్రవట్టిండు.

అటెన్క రోజు పంచాయితే. పొద్దుగాల్ల మామకు భజనలు కావాలె. పగటీలి ఆపాకు ఖవ్వాలీలు కావాలె. పొద్దుమూకితె మా మరిదికి ఉద్యమం పాటలు కావాలె. ఒక్కలకు పెడితె ముగ్గురు ఇనాలె మరి. "నీ ఖవ్వాలీ ఇనుకుంట పులుసుల ఉప్పు రెండుసార్లేసిన ఆపా" అని నేనంటే, "మీ బాపు భజన్‌ల నేను జాకెట్‌కు మూడు చేతులు కుట్టిన, గది చెప్పు ముందు" అనేది.

పాటలే గాదు, ఒక మైకు గూడ తగిలిచ్చిండు మరిది. "బువ్వకు రాండ్రి" అని ముందటర్రల ఒక్క మాటంటే అన్ని అర్రలల్ల ఇనవడేది. మైకు పక్కన స్పీకర్ ఉంటె చెవులు పలిగేటట్టు ఈలేస్తదట, అందుకే ముందటర్రల డబ్బ పెట్టలే.

నేను సదివింది మూడో తరగతి. కంప్యూటర్ అంటె ఆ అద్దమే అనుకున్న. బల్ల కింద గుయ్యిమనే డబ్బను స్టెబిలైజర్ అనుకున్న. దసరాకు పసుపు కుంకుమ అద్దానికే పెట్టిన. పాట ఆపినంక అద్దం కింది గుండీ ఒత్తితె నల్లగయ్యేది. టీవీ తీర్గ బందైందనుకొని, అల్లిన దారం గుడ్డ కప్పి నా పని నేను చూసుకునేది. ఇంట్ల అందరం గంతే. మరిదికి గా ముచ్చట తెల్వదు.

ఇగ నా తప్పు సంగతి. మామకు రోజు పేపర్ సదివేది నేనే. సదువుడంటె, పెద్దక్షరాలు కూడుకునేది, మిగిలిందంత ముందటి దినం టీవీల ఇన్నది యాది చేసుకొని చెప్పేది. నాకు ఒక్కసారి ఇంటె మరుపు రాదు. టీవీ ముందటర్రల, ఆయన ఎనుకర్రల, నడుమ వాకిలి. ఆయనకు లోకమంటె నా నోరే. మొదట్ల ఒకసారి, తెలంగాణ కోసమని ఒక సదువుకునే పోరడు పాణం తీసుకున్నడని సదివిన. మామ మూడు దినాలు పల్లెం ముట్టలే. షుగర్ మనిషి, గోలి మింగాలన్నా కడుపుల బువ్వ పడాలె. నాలుగో దినం, "ఇగ పోరగాండ్లు గట్ల చేస్తలేరట మామా, పెద్దలు చెప్తే ఇన్నరట" అన్న. నోట్లకు వచ్చింది అన్న. అప్పుడు తిన్నడు. ఇగ అటెన్క అసొంటి వార్త వచ్చినప్పుడల్ల దాటేసిన.

ఒక బంద్ దినం మరిది మైకు చాలు చేసిండు. "మీద డబ్బ మూగపోయింది, మైకు చప్పుడు ఆడ వస్తుందో లేదో చూసొస్త. రేపటికెల్లి బాపుకు వార్తలు గూడ దీంట్లనే పెడ్త వదినా, నీకు తిప్పలు తప్పుతయి" అనుకుంట మెట్లెక్కిండు. అలవాటు కొద్ది గుండీ ఒత్తి అద్దం నల్లగ చేసి, గుడ్డ కప్పి ఆడనే కూలవడ్డ.

అప్పుడే ఆపా నా జాకెట్ పట్టుకొని దిగొచ్చింది. "మీ మరిది నా మిషిన్ మీద ఎక్కి నిలవడ్డడు. ఇరిగితె నీ గాజులతోని కొత్తది కొనిస్తవా?" అని నవ్వుకుంట వచ్చి, నా మొఖం చూసి ఆగింది. "క్యా హువా చెల్లె?"

"ఏం చెప్పాలె ఆపా, రేపటికెల్లి మామకు వార్తలు స్పీకర్లనే వస్తయట."

"అచ్ఛా, మంచిదే గదా!"

"ఏం మంచిది? పోరగాండ్లు సచ్చుడు ఆగిందని చెప్పిన నేను. వారం వారం పోతనే ఉన్నరు గదా. ఒక్కటి చెప్పలే. ఆయన నా మాట నమ్మి నిమ్మలంగ తింటుండు. రేపు ఇన్నడంటె ఇగ నా చేతి బువ్వ ముడుతడా?"

"అయ్యో అల్లా" అని ఆపా నా పక్కన కూసున్నది. ఇగ నేను ఆగలే. ఏ ఊరి పోరడు, ఏం సదువుతుండె, తల్లి టీవీల ఏమని ఏడ్చిందో, కడుపుల పెట్టుకున్నయన్ని కక్కిన.

మెట్ల మీద ధనధన చప్పుడు. మరిది స్క్రూడ్రైవర్ చేతుల పట్టుకొని ఉరికొచ్చిండు.

"వదినా, నోరు ముయ్యి!"

పెండ్లయి వచ్చినప్పటిసంది నన్ను ఒక్క మాట అననోడు.

"ఏందిరా?"

"మైకు!"

"బందే గద, నల్లగున్నది చూడు."

"నల్లగయ్యింది అద్దమే! కంప్యూటర్ కింది డబ్బల ఉన్నది. నువ్వు మాట్లాడిందంత మీద మోగింది."

"మీద ఒక్కదాన్లనేనా?"

మరిది ఎనుకర్ర దిక్కు చూసిండు. ఆపా కొంగు నోట్ల కుక్కుకున్నది. పది అడుగులు లేని వాకిలి దాటి ఎనుకర్రలకు పోయిన.

మామ పండుకొనే ఉన్నడు, మొఖం స్పీకర్ దిక్కు పెట్టి.

"ఆగిందన్నవు గద బిడ్డా" అన్నడు.

"అన్న మామా."

"ఆగలేదా?"

"ఆగలే."

తిడుతడనుకున్న. ఏడుస్తడనుకున్న. రెండు చెయ్యలే. "హుస్నాబాద్ దిక్కు ఎవలన్న పోయిన్రా?" అన్నడు.

పోయిండు. నాకు యాదికున్నది. డిగ్రీ సదివేటోడు. టీవీల ఆ పిలగాని తాత గడప మీద కూసొని ఉండె. గదే చెప్పిన.

"తాత ఎట్లున్నడు?"

"తెల్ల మీసాలు మామా. ఎడమ చేతికి రెండేళ్లు లేవు."

మామ లేవబొయ్యిండు. లేవరాక మంచం పట్టె పట్టుకున్నడు. "వాడు నా దోస్తు. ఇద్దరం కలిసి ఎడ్లు కొన్నం, అమ్మినం. పోయిన నెల ఫోన్ చేసిండు. వాడు నోరు తెరవకముందే నేనన్న, పిల్లలు సచ్చుడు ఆగిందటరా, మా కోడలు సదివింది, మన పిల్లలు బతికిపోయిన్రు అని. వాడు ఫోన్ పెట్టేసిండు. మల్ల చెయ్యలే. నాకేం కోపమో తెల్వకపాయె."

ఆయన తినాలని ఆడిన మాట పోయి పోయి ఏడ తగిలింది!

"ఫోన్ కలుపు" అన్నడు.

రెండుసార్లు తప్పు నంబరు నొక్కిన. మూడోసారి కలిసింది. ఆయన చెవి కాడ పెట్టి బయటికి పోబోతుంటె నా మణికట్టు పట్టుకున్నడు. "నువ్వుండు."

అవతల ఎత్తిన్రు. "నేనేరా" అన్నడు మామ. నేను కండ్లు మూసుకున్న. ఇగ నా ముచ్చట చెప్తడు, నా కోడలు దాసిందిరా అంటడు, అనాలె గూడ.

"నాకు కండ్లు లేవురా" అన్నడు. "తెల్వలే. మనుమడు పోయిన సంగతి నాకు తెల్వలే."

గంతే అన్నడు. నా మణికట్టు మాత్రం ఇడువలే.