అడిగితే చాలు

హోసూరు పోస్టాఫీసులో నా పక్క కౌంటరు అక్కను ‘నీకేం కావాలి’ అని ఎవరడిగినా మొహం వెలిగిపోయేది. బాగలూరు నుంచి వచ్చే పూలామె రోజూ మెట్ల దగ్గర గంప దించి, "మల్లెలా, కనకాంబరాలా అమ్మా?" అనేది.

"అడిగినావు కదమ్మా, అదే చాలు" అంటూ అక్క వంగి, వాసనే లేని కనకాంబరాలను కూడా ముక్కు దగ్గర పెట్టుకుని, తీరిగ్గా ఎంచుకునేది.

ఎందుకలా అంటే ఒకసారి చెప్పింది. "పనిలో చేరినప్పుడు పెన్షన్‌కని జీతంలో పట్టుకున్నారు. నీకు ఇష్టమేనా అని ఒక్కరూ అడగలేదప్పా."

నిరుడు ప్రభుత్వం వాళ్లు అడిగారు. ఉన్న పథకంలోనే ఉంటారా, కొత్తదానికి మారతారా అని. రెంటిలోనూ జీతంలో కోత తప్పదు. మా ముందువాళ్లకు వచ్చిన, కోత లేని పాత పెన్షన్ ఆ రెంటిలోనూ లేదు. అక్క గడువు పొడుగునా కనిపించినవాళ్లనల్లా సలహా అడిగింది.

ఆఖరి రోజు పొద్దున మెట్ల మీద, "ఏది ఎంచుకున్నావక్కా?" అన్నాను.

"ఏదీ లేదప్పా. ఊరికే ఉంటే ఉన్నదాన్లోనే ఉంచుతారంట. నేను నోరు తెరవకపోయినా నా బదులు వాళ్లే ఎంచేసినారు."

అంతలో పూలామె గంప దించి ఎప్పటి ప్రశ్నే అడిగింది. అక్క వంగలేదు.

"నువ్వే ఏదో ఒకటి పెట్టమ్మా" అని, గంప వైపు చూడకుండా జడ అటు తిప్పి నిలబడింది.