తేలిక వంటలో పోపు ఉందా?

పుంగ్గోల్‌లో మా అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఎవరింట్లోంచో ఇంగువ పోపు ఘాటు ముక్కుకి తగిలింది. వెంటనే రాజ్యం ఆంటీ గుర్తొచ్చారు. కాకినాడ మనిషి, పాయా లేబర్‌లో ఒక ఆఫీసులో అకౌంట్లు చూసేవారు. సింగపూర్‌లో ఆవిడ అద్దె ఇళ్ళు మారినన్నిసార్లు నేను చెప్పులు కూడా మార్చలేదు.

ఉద్యోగానికి కొత్తగా వచ్చినప్పుడు చోవా చూ కాంగ్‌లో లిమ్ అంకుల్ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆంటీది పక్క ఫ్లాటే. వంటగది వాడుకోవచ్చు, కానీ ‘లైట్ కుకింగ్’ మాత్రమే అన్నది షరతు. పప్పు ఉడకబెట్టుకోవడం కన్నా తేలిక వంట ఏముంటుందని ధీమాగా ఉన్నాను. పోపు సంగతి నాకు తట్టలేదు. ఎండుమిరపకాయలు వేగగానే లిమ్ అంకుల్ దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ వచ్చారు. “ఇది లైట్ కాదు లా! ఆదివారానికల్లా గది ఖాళీ చెయ్” అన్నారు, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే ఆ ‘లా’తో సహా. నేను వరసగా సారీలు చెప్పాను. ఊళ్ళో ఇంకెవరూ తెలియదు. పెట్టె పట్టుకుని ఎక్కడికి పోవాలో తోచక ఆంటీ గుమ్మంలో ఏడ్చేశాను.

“ఏడుపు తర్వాత. ముందు ఆ సారీలు ఆపు. ఏ కండిషన్ తప్పావో అడిగావా అసలు?” అన్నారావిడ.

“ఓనర్‌ని ఎలా అడుగుతాం ఆంటీ?”

“నోటితోనే. ఆయనేమన్నా ఫ్రీగా ఉండనిస్తన్నారా?”

నన్ను వెంటబెట్టుకెళ్ళి, లిమ్ అంకుల్‌ని ఆయన ఇంట్లోనే ఎంతో మర్యాదగా కూర్చోబెట్టారు. “అంకుల్, మీరు ఆదివారం వేయించే బెలచాన్, అదే ఆ రొయ్యల ముద్ద, లైటా, హెవీయా?”

ఆయన గతుక్కుమన్నారు. “అది మా అమ్మ నేర్పిన వంట లా.”

“పప్పు వీళ్ళమ్మ నేర్పింది. ఏది లైటో ఇప్పుడే తేల్చేయండి.”

విచారణ పొయ్యి దగ్గరే జరిగింది. నేను పోపు పెట్టాను. ఆవాలు చిటపటమనగానే లిమ్ అంకుల్ వెనక్కి గెంతారు, ఆంటీ ఠక్కున మూత పెట్టారు. కాసేపు గాలి పీల్చి చూసి ఆయన తీర్పు చెప్పారు: కిటికీ తెరిచి, మూత పెట్టి చేస్తే లైట్. గది నాకు దక్కింది.

“భలే గెలిచాం ఆంటీ!” అన్నాను బయటికొచ్చాక.

“గెలుపేంటే, ఆయన కళ్ళు మండిన మాట నిజమేగా. మూత మర్చిపోకు.”

ఆవిడ ఇప్పుడు లేరు. తలచుకుంటే దిగులేస్తుంది. ఈమధ్య మా ఫ్లాట్‌లో ఒక గది మేమూ అద్దెకిచ్చాం. మొన్న పొద్దున్నే వాషింగ్ మెషీన్ వేసిందని అందులో ఉన్న అమ్మాయి మీద గయ్యిమన్నాను. పాపం, బిక్కమొహం వేసి సారీ చెప్పబోయింది.

“ఆగు. ఏ కండిషన్ తప్పావో ముందు నన్ను అడుగు” అన్నాను.

అడిగింది. మెషీన్ గురించి మేం ఏ కండిషనూ పెట్టనేలేదు; సారీ నేనే చెప్పాను.